ఇవాళ ఏం కనిపించింది

ఏమీ లేదు, ఇవాళ ఒక్కటీ లేదు, కనీసం కుందేలైనా లేదు. రోజూ పళ్ళ డాక్టరు క్లినిక్ ముందు మంచులో ముద్దలా కూర్చుని ఉండే పెద్ద చెవుల కుందేలు కూడా ఇవాళ ఎటో వెళ్ళిపోయింది. నాతో వచ్చిన కుక్క మిరియం ఆ చోట ముక్కు పెట్టి వాసన చూసి, తలెత్తి నా వంక చూసింది. నన్నెందుకే చూస్తావు, నేనేమైనా జేబులో దాచుకున్నానా, పద. ఇంటికి తిరగాల్సిన మలుపు వచ్చింది, తిరగలేదు. మిరియం మాత్రం అలవాటు కొద్దీ అటు రెండడుగులు వేసి, తాడు బిగిసేసరికి ఆగి, వీడికి ఇవాళ ఏమైందన్నట్టు నిలబడింది. ఏమీ కాలేదు, ఖాళీ చేతులతో వెళ్ళలేను, అంతే. వెళ్ళి బూట్లు విప్పుతుండగానే మా ఇంటావిడ భ్రమరాంబ గారు అడుగుతారు, ఇవాళ ఏం కనిపించింది అని. ఏడాది నుంచి రోజూ అదే మాట. ఏదో ఒకటి చెబుతాను, ఆవిడ వింటారు, విన్నాకే కంచం ముందు కూర్చుంటారు. ఇవాళ దాని వెనకే ఇంకో మాట చెప్పాలి. కెనడాలోనే తూర్పున ఎక్కడో ఉన్న ఎటోబికోలో ఎయిర్‌పోర్ట్ పక్కన ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో నాకు జాబ్ వచ్చిందని, ఎల్లుండి తెల్లవారుజామున ఫ్లైట్ అని, ఇక రానని. వారం రోజులుగా ఆ మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డంపడి ఉంది. చెడ్డ మాట చెప్పే ముందు చేతిలో మంచి జంతువు ఒకటి ఉంటే బాగుండుననిపించింది, జింకో, నక్కో, పోనీ ముళ్ళపందో. చావు కబురు మోసుకెళ్తూ దారిలో అరటిపళ్ళు కొనేవాడి తెలివి నాది. చావు కబురు చల్లగా చెప్పడం అంటారు మనవాళ్ళు, ఈ సస్కటూన్‌లో ఏ కబురైనా చల్లగానే చెప్పాలి, మైనస్ ఇరవైలో వేడిగా చెప్పడానికి ఏముంది.

కుడివైపు తిరిగితే నది. తిరిగాం. నది మీదినుంచి వచ్చే గాలి ముక్కులోని వెంట్రుకల్ని కూడా గడ్డకట్టిస్తుంది, ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల ఏదో చిటపటమంటుంది. మొదట్లో ముక్కు ఊడిపోతుందేమోనని తడిమి చూసుకునేవాణ్ణి. మొదట్లో ఏమీ తెలియదు కదా. భ్రమరాంబ గారి బేస్‌మెంట్‌లో గది ఖాళీ ఉందని ఎవరో చెబితే వెళ్ళాను. ఏ ఊరు, ఎవరి అబ్బాయివి, ఏం చదువుతున్నావు, ఏదీ అడగలేదు ఆవిడ. “కుక్కంటే భయమా?” అన్నారు. భయమే, లేదన్నాను. “చీకటంటే?” అన్నారు. చచ్చేంత భయం, లేదన్నాను. “అయితే రోజూ రాత్రి దీన్ని తిప్పుకురా. వచ్చి ఏం కనిపించిందో నాకు చెప్పు,” అన్నారు. ఆవిడ మత్తు డాక్టరు, ఆపరేషన్‌కి ముందు మనిషిని నిద్రపుచ్చి, అయ్యాక మళ్ళీ లేపే డాక్టరు, ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి ఆసుపత్రిలో అదే పని చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యమున్న వాళ్ళంతా పోయారని ఆవిడే అంటారు. రెండేళ్ళ కిందట కళ్ళ నడిమధ్య చూపు పోయింది, ఇంట్లో తడుముకుంటూ తిరుగుతారు గానీ మనుషుల మొహాలు ఆనవు, చీకటి పడ్డాక గడప దాటరు. అంతకు ముందు ఈ నది ఒడ్డంతా రాత్రుళ్ళు ఆవిడే తిరిగేవారట, ఎక్కడ ఏ చెట్టు మీద ఏది పడుకుంటుందో ఆవిడకు తెలుసు. మిరియం అప్పటి నుంచీ ఆవిడ కుక్కే. నల్లగా, గుండ్రంగా ఉందని ఆ పేరు పెట్టారు. పక్కింటివాళ్ళు మాత్రం అది బైబిల్లోని పేరనుకుని భలే మర్యాదగా పిలుస్తారు. వాళ్ళు ఇంగ్లీషులో ఎంత మర్యాద చేసినా దీనికి ఎక్కదు. దా అనాలి, ఆగు అనాలి, ఒద్దమ్మా అనాలి. కెనడాలో పుట్టి తెలుగు తప్ప ఇంకో ముక్క రానిది నాకు తెలిసి ఇదొక్కటే.

మొదటి వారమంతా ఏమీ కనిపించలేదనే చెప్పాను. “కనిపించలేదా, నువ్వు చూడలేదా?” అన్నారు. చూశానండీ, మంచు తప్ప ఏమీ లేదు. “నువ్వు రోడ్డును చూస్తున్నావు. కుక్కను చూడు,” అన్నారు. అప్పటి నుంచి కుక్కను చూడడం మొదలుపెట్టాను. ఇది ఆగిపోతుంది, ముందు చెవులు, తర్వాత ముక్కు, ఆఖరికి ఒక ముందు కాలు ఎత్తి పట్టుకుంటుంది, ఆ ముక్కు కొసన గీత గీసుకుంటూ వెళ్తే అక్కడ ఉంటుంది ఏదో. అలా మొదటిసారి కుందేలు కనిపించింది, మన కుందేలు కాదు, మేకపిల్లంత ఉంటుంది, చలికాలం వచ్చేసరికి ఒళ్ళంతా తెల్లబడుతుంది, మంచు కుప్పల మధ్య ఇంకో మంచు కుప్ప, దానికి చెవులు. పరుగెత్తుకుంటూ ఇంటికి వెళ్ళి చెబితే, “చెవుల కొసలు నల్లగా ఉన్నాయా?” అన్నారు. చూడలేదండీ. “సగమే చూశావన్నమాట, రేపు మిగతా సగం చూసి రా,” అన్నారు. మర్నాడు వెళ్ళి చూశాను, నల్లగానే ఉన్నాయి. ఆ సంగతి చెప్పినప్పుడు ఆవిడ మొహంలో వచ్చిన వెలుగు చూస్తే, నేను ఎమ్మెస్సీ పాసైనప్పుడు కూడా మా ఇంట్లో ఎవరికీ అంత వెలుగు రాలేదు. అబద్ధమెందుకు, ఆ వెలుగు కోసమే తిరిగాను తర్వాత. చెట్టు కొమ్మ మీద ఎవరో ఆరేసి మరిచిపోయిన బొంతలా ముళ్ళపంది, బెరడు కొరుకుతుంటే నేలమీదికి పొట్టు రాలేది. పందికొక్కుకు పెద్దన్నలా నీళ్ళలో ఉండే బీవర్ కొరికి పడేసిన పోప్లార్ చెట్టు మొద్దు, కొస పెన్సిల్ చెక్కినట్టు. కాఫీ షాపు కిటికీలో ఎనిమిది గంటలు నిలబడి కార్లకు కప్పులు అందించి వచ్చాక, కాళ్ళు పీకుతున్నా సరే, తాడు తీయగానే ఇది తోక ఊపేది, పోదాం పద అనేవాణ్ణి. రోజు మొత్తంలో నేను తెలుగులో మనసారా మాట్లాడింది ఆ రెండు ఆడప్రాణాలతోనే.

మనవాళ్ళు లేక కాదు. ఈ రెండేళ్ళలో ఈ ఊరికి మనవాళ్ళు ఎంతమంది వచ్చిపడ్డారంటే, బస్సులో ఎవర్నీ తెలుగులో తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. మా బేస్‌మెంట్‌లోనే అయిదుగురం. ఒకడు వచ్చేసరికి ఒకడు షిఫ్టుకు పోతుంటాడు, మెట్ల మీద ఎదురుపడితే తిన్నావా మామా అంటాడు, జవాబు వినే తీరిక ఉండదు, వాడికే కాదు, నాకూ ఉండదు. అభిరామ్ అని పక్క మంచం వాడు ఉన్నాడు, వాడి గురక నాకు తెలుసు, వాడి దగ్గు తెలుసు, వాడు నవ్వితే ఎలా ఉంటాడో తెలియదు. ఇంతమంది మధ్య ఇంత ఒంటరిగా ఉండొచ్చని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఇంటికి ఫోన్ చేసి ఒంటరిగా ఉందంటే రూమ్మేట్స్ ఉన్నారు కదరా అంటారు. ఉన్నారు. కయోటీలు కూడా మందగానే తిరుగుతాయి. పోయిన చలికాలం మూడు కయోటీలు గడ్డకట్టిన నది మీద నిలబడి మా ఇద్దర్నీ చూశాయి, నక్కకు పెద్దన్నలు, తోడేలుకు తమ్ముళ్ళు, కళ్ళు రెండేసి దీపాలు. మిరియం మొరగలేదు, నా మోకాలికి ఆనుకుని వణికింది. పరుగెత్తకు, చేతులెత్తి పెద్దగా కనపడు, గట్టిగా కేకలు వెయ్యి, అని భ్రమరాంబ గారు ముందే చెప్పి ఉంచారు. చేతులెత్తాను, ఏం అరవాలో తోచలేదు, పాట గుర్తు రాలేదు, పద్యం గుర్తు రాలేదు, రెండు రెళ్ళు నాలుగు, రెండు మూళ్ళు ఆరు అని రెండో ఎక్కం పదిదాకా అరిచాను. నాలుగో వరసకే అవి వెళ్ళిపోయాయి, మిగతాది నా కోసం అరుచుకున్నాను. ఆ రాత్రి ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. “మూడో ఎక్కం కూడా నేర్చుకో, ఎందుకైనా మంచిది,” అన్నారు.

గుడ్లగూబ గురించి చెప్పినప్పుడు కూడా అంతే. మా ఇంటి చిమ్నీ మీదే కూర్చుంది, పిల్లి చెవుల్లాంటి ఈకలతో, మెడ ఇటు తిప్పి అటు తిప్పి. మా పార్వతీపురంలో అయితే గూబ వాలిన ఇల్లు ఖాళీ చేసి శాంతి చేయించేదాకా అడుగు పెట్టరు. చెప్పాలా వద్దా అని గుమ్మంలో నసుగుతుంటే ఆవిడే కనిపెట్టి అడిగారు, చెప్పాను. “ఖాళీ చేసి ఎక్కడ పడుకుందామయ్యా, ఈ మంచులో? దాన్నే ఉండమను, అద్దెకు,” అన్నారు. ఇలాంటి మనిషికి ఏమని చెప్పను. నేను వెళ్ళిపోతే మిరియాన్ని ఎవరు తిప్పుతారు? అభిరామ్‌కు కుక్కంటే భయం, నాలాగా అబద్ధమాడే తెలివి కూడా లేదు. మిగతా ముగ్గురివీ నైట్ షిఫ్టులు. ఆమధ్య మాటల్లో ఆవిడే అన్నారు, “నువ్వు లేనినాడు దీన్ని ఎవరికైనా ఇచ్చేసి నేను ఏదో ఒక ముసలివాళ్ళ హోమ్‌లో చేరిపోతాను. తిప్పలేని కుక్కను కట్టేసి ఉంచడం పాపం.” ఊరికే అన్నారు, కంచంలోకి చూస్తూ, పెరుగు కలుపుకుంటూ. నేనప్పటికే ఎటోబికోకు అప్లై చేసి ఉన్నాను. అంతా నా నోట్లోనే ఉందన్నమాట, ఈ కుక్క, ఆ ఇల్లు, ఆవిడ రాత్రి భోజనం. మాట నోరు దాటితే మూడూ పోతాయి. దాటకపోతే నేను పోతాను. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, కాఫీ కప్పులు అందిస్తే ఈ దేశంలో ఉండిపోనిచ్చే పీఆర్ రాదు, చదివిన చదువుకు తగ్గ జాబ్ ఇన్నాళ్ళకు ఇదొక్కటి దొరికింది, దీన్ని వదులుకుంటే నా అంత మూర్ఖుడు ఉండడు. ఉండడని తెలిసీ వారం రోజులుగా నదిచుట్టూ తిరుగుతున్నాను.

రైలు బ్రిడ్జి కిందకు వచ్చేశాం, ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. బెంచీ మీద మంచు చేత్తో తోసి కూర్చున్నాను. మిరియం కాళ్ళకు తొడిగిన రబ్బరు బూట్లు ఒక్కొక్కటీ ఎత్తి దులుపుకుంటోంది. రావాల్సిన టైమ్ దాటిపోయి చాలాసేపయింది, ఫోన్ చూద్దామంటే చలికి ఎప్పుడో చచ్చిపోయింది. నదికి అటూ ఇటూ గడ్డకట్టి మధ్యలో సన్నగా నీళ్ళు పారుతున్నాయి, మంచుముక్కలు ఒకదానికొకటి రాసుకుంటూ పోతుంటే గాజులు కదిలిన చప్పుడు. ఒక్క జింక రారాదూ. ఇంత చీకటి ఉంది, ఇంత అడవి ఉంది, అడిగింది ఒక్క జింకను. ఎటోబికోలో నది ఉందో లేదో. ఉన్నా ఎవరికి చెబుతాను, ఇవాళ ఏం కనిపించిందని ఎవరడుగుతారు, అడిగేవాళ్ళు లేకపోతే కనిపిస్తుందా అసలు. అక్కడికి వెళ్ళాక నేను మళ్ళీ రోడ్డునే చూస్తాను కాబోలు. ఇక్కడే ఇలా కూర్చుండిపోతే, పొద్దున ఎవరో చూసి ఇదొక మంచు కుప్ప అనుకుంటే, చెవులుండవు కాబట్టి దాటిపోతే. ఛ, ఇలాంటి ఆలోచనలు చలికి వస్తాయట, ఆవిడే చెప్పారు, చలి మొదట బుర్రను పట్టుకుంటుందని. లేవాలి. లేద్దామనుకుంటుండగానే వెనక పోప్లార్ చెట్లలోంచి ఎవరో పిలిచారు.

“దీపకూ.”

ఆడగొంతు, సన్నగా, గాలికి సగం విరిగి. ఈ ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచే వాళ్ళెవరు? కాఫీ షాపులో డీపాక్ అంటారు, గదిలో మామా అంటారు. ఇలా దకారం మెత్తగా, చివర దీర్ఘం తీసి పిలిచేది ఒక్కరే, ఆ ఒక్కరూ ఇంట్లో ఉన్నారు, చీకట్లో గడప దాటలేరు. మరయితే ఇదెవరు. నా బుర్రలో మా నాయనమ్మ లక్ష్మమ్మ మంచం మీదినుంచి లేచి కూర్చుని వేలెత్తింది. ఒరే, రేత్రి పూట ఎవులు పిలిసినా మూడు మాట్లు పిలిసేదాకా పలక్కు. దెయ్యానికి మూడో మాట రాదు. చిన్నప్పుడు పెరట్లోంచి సొంత అమ్మ పిలిచినా రెండుసార్లు విని ఊరుకుని మూడోసారికి పలికి, వీపు మీద ఒకటి తిన్నవాణ్ణి. ఎమ్మెస్సీ చేశాను, మట్టిలో నత్రజని ఎంతుందో కొలిచి చెప్పగలను, ఇప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

“దీపకూ.”

రెండు. ఈసారి కొంచెం దగ్గరగా, కొంచెం వణుకుతూ. మూడోది రానీ, పలుకుతాను. కళ్ళు మూసుకున్నాను, ఊపిరి బిగబట్టాను, మూడోది వస్తుంది, ఇదిగో వస్తుంది. రాలేదు. గాలి ఉంది, నది ఉంది, గాజుల చప్పుడు ఉంది, మూడో పిలుపు లేదు. మిరియానికి నాయనమ్మ లేదు. ఏడాదిలో నాలుగుసార్లు కూడా మొరగని కుక్క, గుండెలోంచి ఒక్కసారి మొరిగి, తాడుతో సహా నన్ను చెట్లలోకి లాక్కుపోయింది. మంచులో మోకాళ్ళదాకా దిగబడుతూ, లేస్తూ, అప్పుడు తెలిసింది నాకు, దెయ్యానికి ఇది ఇలా తోక ఊపదని. ఆవిడే. నేను రాలేదని బయల్దేరారు, కళ్ళు లేని మనిషి, ఒకప్పుడు తిరిగిన ఒడ్డును కాళ్ళతో గుర్తుపట్టుకుంటూ, ఈ చీకట్లో, ఈ మంచులో. పిలిచి ఊరుకున్నారంటే పడిపోయారు. నేను పలకలేదు, ఆవిడ పడిపోయారు.

“డాక్టర్ గారూ!” ఎవరూ పలకలేదు. “డాక్టర్ గారూ!” లేదు. తుంటి విరిగిందా, తల తగిలిందా, ఈ చలికి ఎంతసేపు, ఎంతసేపు ఉంటారు మనుషులు. మూడోసారికి నా గొంతు నాది కాదు. “భ్రమరాంబ గారూ!”

“ఆఁ. ఇక్కడే ఉన్నానయ్యా, అరవకు.”

పది అడుగుల దూరంలో చెట్టును కావలించుకుని నిలబడి ఉన్నారు. నైటీ మీద పాత కోటు, ఒక చేతిలో మంచులో స్కీయింగ్ చేసే కర్ర, తలమీద టోపీ లేదు. మిరియం అప్పటికే ఆవిడ కోటు నాకుతోంది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, కోపమే బయటికి వచ్చింది.

“మరి పలకరేమండీ, ఇక్కడే ఉండి?”

“మూడుసార్లు పిలిచేదాకా ఎలా పలుకుతాను? మా అమ్మమ్మ ఒప్పుకోదు.”

“కుక్క మొరిగింది కదా.”

“కుక్క మొరిగింది. నువ్వే అని ఏమిటి నమ్మకం?” అన్నారు. “నీ సంగతేమిటి? చదువుకున్నవాడివి, నువ్వెందుకు పలకలేదు?”

“మీరు రెండుసార్లే పిలిచారండీ. మూడోసారి పిలవలేదు.”

నా టోపీ తీసి ఆవిడ తలకు పెట్టాను, చెవుల మీదికి లాగాను, అభ్యంతరం చెప్పలేదు.

“ముప్ఫై ఏళ్ళు నా పని అదేనయ్యా,” అన్నారు. “ఆపరేషన్ అయ్యాక మనిషిని పేరు పెట్టి పిలిచి లేపడం. ఒకసారి పిలుస్తాం, పలకరు. రెండోసారి పిలుస్తాం, పలకరు, ఫరవాలేదు. మూడోసారి కూడా పలకకపోతే అప్పుడు భయపడాలి. అందుకని పిలవలేదు.”

నా మోచేయి పట్టుకున్నారు, బయల్దేరాం. కర్ర ఒకవైపు, నేను ఒకవైపు, ముందు మిరియం, ఇరవై అడుగులు వేసి వెనక్కి చూసి ఆగడం, మళ్ళీ నడవడం. “ఇవాళ ఏం కనిపించింది?” అని అడిగారు, మంచు మీద మా బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేని చోట. ఏమీ కనిపించలేదండీ అన్నాను. “ఇంతసేపు తిరిగీ?” అన్నారు. ఇంతసేపు తిరిగీ. చేతిలో జింక లేదు, నక్క లేదు, ముళ్ళపంది లేదు, మాట ఒక్కటే ఉంది, ఇక దాన్ని దేంతోనూ కప్పడానికి లేదు. నేను ఎటోబికో వెళ్ళిపోతున్నానండీ, అక్కడ ల్యాబ్‌లో జాబ్ వచ్చింది, అన్నాను. ఆవిడ పలకలేదు. విన్నారో లేదో, టోపీ చెవుల మీదికి ఉంది కదా అనుకున్నాను, అలా అనుకోవడం బాగుంది కాసేపు. పళ్ళ డాక్టరు క్లినిక్ దాటాం. ఎల్లుండి పొద్దున్నే ఫ్లైట్, ఇక ఇక్కడికి రానండీ, అన్నాను. ఆవిడ పలకలేదు. మోచేతి మీద చెయ్యి బిగియనూ లేదు, వదలనూ లేదు. ఇల్లు కనిపించింది, వంటింట్లో లైటు వేసే ఉంది, బల్లమీద బోర్లించిన కంచం కిటికీలోంచి కనిపిస్తోంది, ఇంకా తినలేదన్నమాట. చెప్పేశాను కదా, రెండుసార్లు చెప్పాను, ఇక నా బాధ్యత తీరిందనుకోవాలి, తీరినట్టు లేదు. మెట్ల దగ్గర ఆవిడ ఆగిపోయారు. కర్ర రెయిలింగ్‌కు ఆనించి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని, నావైపు తిరిగి నిలబడ్డారు.

“ఇంకోసారి చెప్పు,” అన్నారు. “పలుకుతాను.”

“వెళ్ళిపోతున్నానండీ,” అన్నాను.

“ఆఁ,” అన్నారు. జేబులోంచి ఒక చెయ్యి తీసి నా ముందుకు చాచారు. మిరియం తాడు ఆ చేతిలో పెట్టాను.